సముద్రం లేని రేవుపట్టణం

ఫ్రాన్సు దేశమనగానే మనకు ముందుగా స్ఫురించేది పారిస్ మహానగరం. దాని వెనువెంట వెర్సాయ్ రాజప్రాసాదం, మార్సెయ్ రేవు, బోర్డో ద్రాక్షతోటలు మనస్సుకు తోచును. ఈ ప్రసంగంలో మేము శ్రోతలను కొనిపోదలచిన చోటు ఇవేవీ కావు. దక్షిణ ఫ్రాన్సులో, రోన్ నది శాఖలు మధ్యధరా సముద్రంలో కలిసే కామార్గ్ మైదానానికి పడమటి అంచున, నీమ్ నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న పట్టణం కలదు. దాని జనసంఖ్య తొమ్మిది వేలకు మించదు. పేరు ఎగ్‌మోర్త్. లాటిను భాషలోని మూలపదాలను బట్టి ఈ పేరునకు 'మృతజలాలు' అని అర్థం. ప్రవాహం లేక నిలిచిపోయిన నీళ్ల ఊరన్న మాట.

చుట్టూ కనుచూపు మేర కొండ లేదు, గుట్ట లేదు. రెల్లు దుబ్బులు, ఉప్పునీటి మడుగులు, వాటిలో ఒంటికాలిపై నిలిచిన రాజహంసలు, దూరాన మంచుగుట్టలవలె తెల్లగా మెరిసే ఉప్పురాశులు మాత్రమే కానవచ్చును. ఆ చదును నేల నడుమ, ఎవరో కొలతబెట్టి గీచి నిలబెట్టినట్లు, నాలుగు వైపులా రాతి ప్రాకారం లేచి ఉన్నది. దాని చుట్టుకొలత 1,634 మీటర్లు. వాయవ్య మూలన, గోడకు కొంచెం వెలుపలగా, ఒక బ్రహ్మాండమైన గుండ్రని బురుజు ఉన్నది. ఇది రేవుపట్టణంగా పుట్టిన ఊరు. కాని కోటగోడ ఎక్కి చూచినచో సముద్రం దక్షిణాన ఐదారు కిలోమీటర్ల అవతల మాత్రమే కనిపించును.

సముద్రం లేని చోట రేవు ఎందుకు కట్టినారు? శత్రువు లేని చోట ఇంత కోట ఎందుకు నిలిచినది? ఈ గోడలు ఎవరిని కాపాడినవి, ఎవరిని బంధించినవి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకుతూ పోయినచో ఏడువందల యేండ్ల ఐరోపా చరిత్రలో పెద్ద భాగం ఈ చిన్న ఊరి వీధులలోనే మనకు ఎదురగును.

పదమూడవ శతాబ్దం నాటి మాట. ఫ్రాన్సు సింహాసనం మీద తొమ్మిదవ లూయీ ఉన్నాడు. దైవభక్తికి, న్యాయబుద్ధికి పేరు పొందిన రాజు. 1244లో తీవ్రమైన జబ్బుపడి కోలుకొన్నప్పుడు, జెరూసలేము పుణ్యక్షేత్ర రక్షణకై క్రూసేడుకు పోయెదనని ఆయన మొక్కుకొన్నాడు. మొక్కు చెల్లించడానికి ఓడలు కావలెను. ఓడలకు రేవు కావలెను. చిత్రమేమనగా, అంతటి రాజునకు మధ్యధరా తీరాన తనదని చెప్పుకొనదగిన మంచి రేవు ఒక్కటియు లేదు. మార్సెయ్ ప్రొవాన్స్ ప్రభువుల క్రింద ఉన్నది. మోన్‌పెల్యే ప్రాంతం ఆరగాన్ రాజుది. మిగిలినది ఈ చిత్తడి నేల.

ఆ నేల అయినను రాజుది కాదు. సమీపమున ఉన్న ప్సాల్మొదీ అనే క్రైస్తవ మఠం వారిది. లూయీ వేరొకచోట భూమి ఇచ్చి వారి వద్ద దీనిని బదులుకు పుచ్చుకొన్నాడు. అయితే దోమలు, చలిజ్వరాలు, ఉప్పుగాలి తప్ప మరేమీ లేని ఈ బాడవలో వచ్చి కాపురముండువారెవ్వరు? అందుకు రాజు 1246లో ఒక శాసనం ప్రకటించి, ఇక్కడ స్థిరపడినవారికి అనేకములైన పన్నుల మినహాయింపులను, వ్యాపార సౌకర్యాలను ప్రసాదించినాడు. పన్ను లేదనగానే జనం వచ్చినారు. జాలరులు, వర్తకులు, చేతిపనివారు వచ్చినారు. తిన్నని వీధులు గీచి ఇళ్లస్థలాలు పంచిపెట్టినారు. ఊరు వెలసినది.

అదే కాలంలో ఆ పెద్ద బురుజు లేచినది. కోన్‌స్తాన్స్ బురుజు అని దానికి పేరు. ఎత్తు సుమారు 30 మీటర్లు, గోడల మందం దాదాపు 6 మీటర్లు. ఆరు మీటర్ల మందమనగా, ఆ గోడ మందంలో మనము ఒక చిన్న పడకగదిని కట్టుకొనవచ్చును. పైకప్పు మీద ఒక సన్నని చిన్న గోపురం ఉన్నది. రాత్రివేళ అక్కడ దీపం వెలిగించి ఓడలకు దారి చూపేవారు. ఈ సంగతి శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఈ బురుజు మొదట దారి చూపే దీపానికి నెలవు.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పవలసి ఉన్నది. ఆ కాలంలో సముద్రం కోటగోడల దాకా ఉండేదనీ, తరువాత వెనుకకు జరిగిపోయినదనీ చాలామంది తలచుచుందురు. అది నిజం కాదు. ఆనాడును సముద్రం దూరంగానే ఉన్నది. పట్టణం ఒక ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉండగా, త్రవ్విన కాలువల ద్వారా ఓడలు సముద్రంలోకి పోయేవి. అనగా ఎగ్‌మోర్త్ పుట్టుక నుండియు కాలువల మీద ఆధారపడిన రేవు. కాలువలు తెరచి ఉన్నంతకాలం దాని ప్రాణం. అవి పూడుకొనిపోయిన నాడు దాని అంతం.

1248 ఆగస్టు 25వ తేదీన లూయీ రాజు ఇక్కడినుండి పెద్ద నౌకాబలంతో బయలుదేరినాడు. రాణి మార్గరీత్ కూడ వెంట నున్నది. సైప్రస్ ద్వీపంలో చలికాలం గడిపి, 1249లో ఈజిప్టుతీరాన దామియెట్టా నగరాన్ని పట్టుకొన్నారు. కాని మరుసటి యేడు సైన్యం జబ్బులతో, ఆకలితో కుంగిపోయి ఓడిపోయినది. రాజు శత్రువులకు బందీ అయినాడు. ఆ దుర్దినాలలోనే దామియెట్టాలో రాణికి ఒక కుమారుడు కలిగినాడు. దుఃఖసమయంలో పుట్టినవాడు గనుక అతనిని జాన్ త్రిస్తాన్ అని పిలిచినారు. భారీ సొమ్ము చెల్లించి విడుదల పొందిన రాజు 1254లో గాని స్వదేశం చేరలేదు.

ఇరవై రెండేండ్ల తరువాత, 1270లో, వయసు మీరి బలం ఉడిగిన రాజు మరల ఇదే రేవునుండి రెండవసారి బయలుదేరినాడు. ఈసారి ట్యూనిస్‌కు. చేరిన కొద్ది వారాలకే దండులో వ్యాధి ప్రబలినది. మొదటి యాత్రలో పుట్టిన జాన్ త్రిస్తాన్ ఈ రెండవ యాత్రలో ఆగస్టు మొదట్లో కన్నుమూసినాడు. తండ్రి కూడ ఆగస్టు 25న మరణించినాడు. మొదటిసారి ఎగ్‌మోర్త్ రేవు విడిచిన తేదీయే ఆయన మరణతిథి అయినది. 1297లో చర్చి ఆయనను పుణ్యపురుషుల పట్టికలో చేర్చినది. నేడు పట్టణ మధ్యమున ఉన్న కూడలికి ఆయన పేరే. అక్కడ శిల్పి ప్రాదియే మలచిన ఆయన విగ్రహం 1849 నుండి నిలిచి ఉన్నది.

ప్రాకారాలను మాత్రం లూయీ చూడలేదు. వాటిని కట్టించ పూనుకొన్నవాడు ఆయన కుమారుడు మూడవ ఫిలిప్. 1272లో ఆయన జెనోవా వాస్తవ్యుడైన గుగ్లియెల్మో బొక్కనేగ్రా అనే వానితో ఒడంబడిక చేసికొన్నాడు. ఈ బొక్కనేగ్రా ఒకప్పుడు జెనోవా నగరపాలన చేసినవాడు. కట్టడానికి తన సొమ్ము కొంత పెట్టి, అందుకు బదులుగా పట్టణంనుండి రాజునకు వచ్చే ఆదాయంలో భాగం పుచ్చుకొనుట ఒప్పందం. కాని 1274లోనే అతడు చనిపోయినాడు. పనులు నత్తనడక నడచి, నాలుగవ ఫిలిప్ కాలంలో, శతాబ్దాంతానికి గాని ఒక కొలిక్కి రాలేదు. పది ద్వారాలు, ఇరవై బురుజులు గల ఆ గోడ నేటికిని దాదాపు చెక్కుచెదరలేదు. ఐరోపాలో మధ్యయుగపు ప్రాకారాలు ఇంత సంపూర్ణంగా నిలిచిన పట్టణాలు మిక్కిలి అరుదు.

ఇది బలంవల్ల నిలిచినదా అంటే, కాదు. పేదరికంవల్ల నిలిచినది. రోన్ నది తెచ్చిన ఒండ్రు, సముద్రం త్రోసిన ఇసుక యేటేటా కాలువలలో మేట వేయసాగినవి. త్రవ్విన కొలదిని పూడిపోయేవి. 1481లో ప్రొవాన్స్ ఫ్రాన్సు రాజ్యంలో కలియుటతో మార్సెయ్ మహారేవు రాజునకు చేజిక్కినది. ఇక ఎగ్‌మోర్త్‌తో పనియేమున్నది? 1538 జులైలో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాంస్వా, ఆయన చిరకాల ప్రత్యర్థి అయిన చక్రవర్తి అయిదవ చార్లెస్ ఇక్కడ కలిసికొని సంధిమాటలు ఆడినారు. అది ఈ ఊరు చూచిన చివరి రాజవైభవం. సంపన్ననగరాలు పెరిగి పెరిగి తమ పాతగోడలను తామే పడగొట్టుకొన్నవి. వాటి రాళ్లతో కొత్త ఇళ్లు కట్టుకొన్నవి. ఎగ్‌మోర్త్ పెరగలేదు. గోడ దాటి పోవలసిన అవసరం శతాబ్దాల తరబడి దానికి కలుగలేదు. మనము నేడు చూచి ఆశ్చర్యపడే సంపూర్ణత వెనుక ఉన్నది ఈ దైన్యమే.

అయితే వర్తకం పోయినను ఉప్పు పోలేదు. రాజులు రాకముందే ఇక్కడ ఉప్పు పండించేవారు. వారు పోయిన పిమ్మటను పండించుచున్నారు. లీటరు మధ్యధరా జలంలో దాదాపు 38 గ్రాముల ఉప్పు ఉండును. ఆ నీటిని వేసవి ఆరంభంలో మళ్లలోకి మళ్లించి, ఒక మడినుండి మరొక మడికి నెమ్మదిగా పారించెదరు. ఎండ, ఉత్తరపు పొడిగాలి నీటిని ఆవిరిచేయగా చివరి మళ్లు చేరునప్పటికి లీటరుకు సుమారు 260 గ్రాములయి ఉప్పు గడ్డకట్టనారంభించును. అంత చిక్కని నీటిలో బ్రతుకగల ఒక సూక్ష్మమైన నాచు వలన ఆ మళ్లు గులాబివన్నె పొందును. ఆగస్టు చివరనుండి కోతకాలం. యంత్రాలు రాకపూర్వం ఆ పనియంతయు మనుష్యుల చేతులతోనే. మండుటెండలో ఉప్పుపెల్లలు పగులగొట్టి, బండ్లకెత్తి, గుట్టలు పోయవలెను. ఉప్పు చర్మాన్ని కొరికివేయును, కండ్లను మండించును. పాత ఫ్రాన్సు రాజులు ఉప్పుపై 'గాబెల్' అనే కఠినమైన పన్ను వేసి ఖజానా నింపుకొన్నారు. ఆ పన్నును జనం ఎంతగా ద్వేషించినారో విప్లవచరిత్ర చదివినవారికి తెలియును.

ఇప్పుడు ఆ బురుజు వద్దకు మరల వత్తము. ఓడలు రాని రేవుకు దీపం ఎందుకు? దీపం ఆరినది. కాని ఆరు మీటర్ల మందం గల గోడలను రాజ్యం ఊరక ఉంచదు. చెరసాలగా వాడుకొన్నది. 1307లో నాలుగవ ఫిలిప్ రాజు టెంప్లరు వీరులను దేశమంతట నిర్బంధించినప్పుడు వారిలో కొందరిని ఈ ఊరిలోనే బంధించి విచారించినారు. ఆ తరువాత చాలకాలానికి ఈ బురుజు పేరు దక్షిణ ఫ్రాన్సు పల్లెలలో పిల్లలను సైతం భయపెట్టే పేరుగా మారినది.

1598లో నాలుగవ హెన్రీ రాజు నాంత్ పట్టణంలో ప్రకటించిన శాసనం ప్రొటెస్టంటు మతస్థులకు, అనగా హ్యూగెనాట్లకు, కొంత మతస్వేచ్ఛ కల్పించినది. ఆయన మనుమడు పదునాలుగవ లూయీ 1685లో దానిని రద్దుచేసినాడు. ప్రార్థనాలయాలు కూల్చినారు. బోధకులను దేశంనుండి వెళ్లగొట్టినారు. మిగిలినవారు రాజు మతంలో చేరవలెను. లక్షలాది ప్రజలు దేశం విడిచి పారిపోయినారు. పోలేనివారు కొండలలో, గుహలలో, నిర్జన ప్రదేశాలలో రహస్యంగా చేరి ప్రార్థనలు చేసికొనేవారు. పట్టుబడిన పురుషులకు రాజు ఓడలలో సంకెళ్లతో తెడ్లు వేసే శిక్ష. బోధకులకు ఉరి. స్త్రీలకు చెర. ఆ చెరలలో ముఖ్యమైనది ఎగ్‌మోర్త్ బురుజు.

మొదట్లో పురుషులనూ ఇక్కడనే ఉంచేవారు. 1705లో అబ్రహాం మజేల్ అనే తిరుగుబాటు నాయకుడు గోడ సందునుండి ఒక రాతిని కదల్చి, దుప్పట్లు పేనిన త్రాటితో పదహారుగురు సహచరులతో కూడ దిగి తప్పించుకొన్నాడు. పిమ్మట ఇది స్త్రీల కారాగారం అయినది. ఒక్కొక్కప్పుడు ఇరవై ముప్పై మంది వరకు ఆ గుండ్రని గదిలో కలసి ఉండేవారు. గది నడుమ నేలలో ఒక గుండ్రని రంధ్రం ఉన్నది. క్రింది అంతస్తుకు అదియే గాలి, అదియే వెలుతురు. గోడలలోని సన్నని సందులనుండి శీతకాలపు గాలి కత్తివలె దూసికొనివచ్చేది. చిత్తడినేల తేమ ఎప్పుడును వదలదు.

1730లో మారీ ద్యురాన్ అనే పందొమ్మిదేండ్ల యువతిని ఇక్కడికి తెచ్చినారు. ఉత్తరాన కొండలలో ఉన్న వివరే ప్రాంతం ఆమెది. ఆమె చేసిన మహాపరాధం ఏమి? ఆమె అన్న పియేర్ ద్యురాన్ రహస్య బోధకుడు. అతడు చిక్కలేదు. అతనిని లొంగదీయుటకు మొదట తండ్రిని, తరువాత చెల్లెలిని, ఆమెను క్రొత్తగా వివాహమాడిన భర్తను బంధించినారు. అయినను ఆ అన్న తన పని మానలేదు. 1732 ఏప్రిల్ 22న అతనిని మోన్‌పెల్యేలో ఉరితీసినారు. అన్నను పట్టుకొనుటకై చెల్లెలిని బంధించినవారు, అన్న మరణించిన పిమ్మట ఆమెను విడుదల చేసినారా? చేయలేదు. ఆమె ఆ గదిలో 38 సంవత్సరాలు గడిపినది.

శ్రోతలు ఒక్క క్షణం ఈ విషయం ఆలోచింపవలెను. ఆ తలుపుకు తాళంచెవి ఒక విధంగా ఆ స్త్రీల చేతులలోనే ఉన్నది. మతం విడిచితినని ఒక్క మాట అనినచో చాలు. విడుదల. అలా అని వెళ్లినవారును కొందరున్నారు. వారిని మనము నిందింపరాదు. చలిలో, జబ్బులో, పసిపిల్లలను విడిచివచ్చిన దుఃఖంలో ఏండ్లు గడిపినవారిని నిందించు అధికారం సుఖంగా కూర్చున్నవారికి లేదు. ఇసబో మెనే అనే మరొక స్త్రీ భర్తను ఓడశిక్షకు పంపినారు. అతడు అక్కడనే మరణించినాడు. ఆమెకు మతి చలించినది. అప్పుడు గాని ఆమెను తండ్రికి అప్పగించలేదు. మారీ మాత్రం ఆ మాట అనలేదు.

ఆమె చేసిన పని ఏమనగా, ఉత్తరాలు వ్రాసినది. ఆ గదిలో చదువు వచ్చినవారు తక్కువ. తోటివారందరి తరఫున ఆమెయే లేఖకురాలు. ఆ ఉత్తరాలు కొన్ని పదులు నేటికిని నిలిచి ఉన్నవి. దూరదేశాలలోని దాతలకు కృతజ్ఞతలు, వచ్చిన సాయం ఎవరెవరికి ఎంత పంచినారో వివరాలు, బట్టలకు, ఆహారానికి అభ్యర్థనలు, మేనకోడలు ఆన్‌కు బుద్ధులు, ప్రేమలు. వానిలో ఆర్భాటం లేదు. నెలకు నెల ఎట్లు గడచునో చూచుకొనే ఇల్లాలి లెక్కలవంటివి ఆ లేఖలు. ఆ లెక్కలలోనే ఆమె ధైర్యం కనిపించును.

గది నడుమనున్న ఆ రంధ్రపు రాతి అంచుపై ఎవరో ఒక మాట చెక్కినారు. 'ఎదిరించి నిలువుము' అని దాని అర్థం. అక్షరక్రమం పండితులది కాదు, పల్లెవారి ఉచ్చారణను అనుసరించినది. అది మారీ ద్యురాన్ చెక్కినదని పరంపరగా చెప్పుకొందురు. ఎవరి చేయి చెక్కినను, ఇనుపముక్కతోనో సూదితోనో రోజుకు కొంచెంగా గీచి గీచి చేసినదై ఉండవలెను. ఓర్పు లేనివారు రాతిమీద మాట వ్రాయలేరు.

1767లో లాంగ్‌దొక్ ప్రాంతాధికారిగా ఉన్న బోవో ప్రభువు ఆ బురుజును చూడవచ్చినాడు. వెంట వచ్చిన బూఫ్లేర్ అనే ఆయన ఆ దృశ్యాన్ని తరువాత వ్రాసిపెట్టినాడు. మెట్లెక్కి తలుపు తెరువగా, వెలుతురు లేని ఆ గుండ్రని గదిలో పదునలుగురు స్త్రీలు క్షీణించి కనిపించినారట. ప్రభువు చలించిపోయినాడు. రాజాస్థానం అభ్యంతరం చెప్పినను లెక్కచేయక వారిని విడిపించుటకు పూనుకొన్నాడు. మారీ 1768 ఏప్రిల్‌లో వెలుపలికి వచ్చినది. ఆ యేడాది ముగియులోపల చెర ఖాళీ అయినది. ఆమె తన కొండపల్లెలోని పుట్టింటికి చేరి, మరొక తోటి ఖైదీతో కలిసి శేషజీవితం గడిపి 1776లో మరణించినది. 1787లో పదహారవ లూయీ రాజు శాసనం ప్రొటెస్టంటులకు పౌరహక్కులు ఇచ్చినది. దానిని చూచుటకు ఆమె లేదు.

ఇంతటితో ఆపివేసినచో ఇది చక్కని కథ. కష్టము, సహనము, విముక్తి. కాని చరిత్ర మనకు నచ్చినచోట ఆగదు. ఆ బురుజునీడలో మరొక నూరేండ్లకు జరిగిన సంగతి చెప్పక దాటిపోవుట న్యాయం కాదు.

పందొమ్మిదవ శతాబ్దిలో ఉప్పుమళ్లు పెద్ద కంపెనీ చేతికి వచ్చినవి. కోతకాలానికి వందలకొలది కూలీలు కావలెను. ఇటలీ దేశపు పీడ్‌మాంట్ ప్రాంతంనుండి ఒక ముఠా, ఫ్రాన్సు కొండప్రాంతాలనుండి మరొక ముఠా, ఊరూరు తిరిగే నిరుద్యోగులు మరికొందరు వచ్చేవారు. 1893లో దేశమంతట పనులు తక్కువగా ఉన్నవి. చేసిన పనినిబట్టి కూలి గనుక వేగంగా చేయువారికి, చేయలేనివారికి నడుమ ద్వేషం పెరిగినది. ఆగస్టు 16న త్రాగేనీటి దగ్గర ఒక చొక్కా ఉతికిన విషయమై తగవు మొదలైనదని చెప్పుదురు. సాయంకాలానికి, ఇటాలియనులు ఫ్రెంచివారిని చంపినారన్న వదంతి ఊరంతయు ప్రాకినది. అది అబద్ధం.

మరునాడు, ఆగస్టు 17న, కర్రలు, పారలు పట్టుకొన్న గుంపులు ఇటాలియనుల మీద పడినవి. రైలుస్టేషను దిక్కుగా పోలీసుల రక్షణలో నడచిపోవుచున్నవారిని సైతం విడువలేదు. కొందరు పట్టణంలోని ఒక రొట్టెలదుకాణంలో తలదాచుకొనగా గుంపు దానిని చుట్టుముట్టినది. పురపాలకాధ్యక్షుడు ప్రజలను శాంతింపజేయుటకై అంటించిన ప్రకటనలో, ఇటాలియనులకు పని తీసివేయబడినదని శుభవార్తవలె చాటినాడు. అధికార లెక్కల ప్రకారం 8 మంది చనిపోయినారు. దాదాపు 50 మంది గాయపడినారు. ఇటలీ నగరాలలో అల్లర్లు చెలరేగినవి. రెండు దేశాల నడుమ యుద్ధం వచ్చునేమో అన్నంత ఉద్రిక్తత కలిగినది. ఆ యేడాది డిసెంబరులో ఆంగులేమ్ పట్టణంలో విచారణ జరిగినది. నిందితులందరిని నిర్దోషులని విడిచిపెట్టినారు.

ఆ దౌర్జన్యంలో పాల్గొన్న కూలీలలో ఒక ముఠాను 'ఆర్దెష్ వారు' అని పిలిచేవారు. అందరును ఆ ప్రాంతంవారే కాకపోయినను, ఆ కొండలనుండి దిగివచ్చిన పేదరైతులు వారిలో ఉన్నారు. ఆర్దెష్ అనగా ఏది? పూర్వపు వివరే ప్రాంతానికి విప్లవం తరువాత పెట్టిన పేరు. మారీ ద్యురాన్ పుట్టిన కొండలవి. హింసింపబడినవారి వంశాలు హింసకు అతీతములని మనము అనుకొనుటకు వీలులేదు. ఆకలి, వదంతి, గుంపు ఈ మూడును కలిసినప్పుడు ఎవరి తాతలు ఎంత బాధపడినారన్నది ఎవరికిని గుర్తురాదు.

ఈ సంగతిని పట్టణం చాలకాలం మరచిపోవడానికి ప్రయత్నించినది. బురుజులోని మాటను చూడవచ్చేవారికి దారి చూపిన ఊరు, ఉప్పుమళ్లలో పడిన శవాల గురించి మౌనం వహించినది. చరిత్రకారులు దస్తావేజులు వెదకి, గ్రంథాలు వ్రాసి, ఆ చనిపోయినవారి పేర్లను, ఊళ్లను వెలికితీసినారు. ఇరువదియొకటవ శతాబ్దిలో గాని వారి జ్ఞాపకార్థం బహిరంగంగా ఫలకం వెలయలేదు. ఆలస్యమే కావచ్చును. అయినను మంచిపని ఆలస్యమైనంత మాత్రాన చెడ్డది కాదు.

నేడు ఎగ్‌మోర్త్ యాత్రికుల పట్టణం. టిక్కెట్టు కొని కోటగోడపై చుట్టూ నడచి రావచ్చును. ఒకవైపు పెంకుటిళ్ల కప్పులు, తిన్నని వీధులు, ఇసుకల మేరీమాత చర్చి కనిపించును. ఆ పురాతనమైన చర్చికి 1991లో క్లోద్ వియల్లా అనే ఆధునిక చిత్రకారుడు రంగుటద్దాల కిటికీలు రూపొందించినాడు. ఎండవేళ ఆ రంగులు పాతరాళ్లపై పరచుకొనును. మరొకవైపు గులాబివన్నె మళ్లు, తెల్లని ఉప్పుగుట్టలు, ఇసుకనేలలో ద్రాక్షతోటలు. పందొమ్మిదవ శతాబ్దిలో ఒక పురుగు తెగులు ఫ్రాన్సు ద్రాక్షతోటలను నాశనం చేసినప్పుడు, ఆ పురుగు ఇసుకలో బ్రతుకలేనందున ఇక్కడి తీగలు బ్రతికినవి. రేవును చంపిన ఇసుకయే ద్రాక్షను కాపాడినది.

ఈ ఊరి చరిత్రలో మాకు మిక్కిలి ఆలోచింపదగినదిగా తోచినది గోడల గట్టితనం కాదు. గోడకు తనంతట తానుగా అభిప్రాయం ఉండదు. అదే బురుజు ఒకనాడు ఓడలకు దీపం చూపినది. మరొకనాడు స్త్రీలకు వెలుతురు లేకుండ చేసినది. అదే ప్రాకారం లోపల, ఆశ్రయం కోరి వచ్చిన పరదేశపు కూలీలను గుంపు ముట్టడించినది. అదే ప్రాకారం లోపల వారిని దాచిన రొట్టెలదుకాణమును ఉన్నది. కట్టడాలను కాపాడుకొనుట నాగరికతకు లక్షణమే. కాని వానిలో జరిగినదానిని, మంచిని చెడును కూడ దాచక చెప్పుకొన్నప్పుడే ఆ కాపాడుకొనుటకు అర్థం కలుగును.

రాజు విగ్రహం కూడలి నడుమ ఎత్తుగా నిలిచి ఉన్నది. అందరికి కనిపించును. ఖైదీ చెక్కిన మాట బురుజు పై అంతస్తులో, నేలమట్టాన ఉన్నది. దానిని చదువుటకు ఎవరైనను తల వంచవలసినదే.